బెంగళూరు నుంచి బ్యాంకాక్: గది ఎక్కడ, తిండి ఎలా

బ్యాంకాక్‌లో హోటల్ వెతికేటప్పుడు ఈత కొలను ఫోటోల కంటే ముందు చూడాల్సింది రైలు స్టేషన్ ఎంత దూరమని. సాయంత్రం పూట ట్రాఫిక్‌లో అక్కడి సుఖుమ్‌విత్ రోడ్డు మన బెంగళూరు సిల్క్‌బోర్డుకు ఏమీ తీసిపోదు. బీటీఎస్ స్కైట్రైన్ (పైవంతెన మీద నడిచే రైలు) స్టేషన్‌కో, ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్‌కో పది నిమిషాల నడకలో గది దొరికితే, రాత్రికి కాస్త ఎక్కువైనా తీసుకోండి. ట్యాక్సీల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది.

వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి. విమానం దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదు. ఇంకో పని: బ్యాంకు యాప్‌లో మీ వీసా లేదా మాస్టర్‌కార్డుకు అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. ఎంఆర్‌టీ గేటు దగ్గర ఆ కార్డు తాకిస్తే చాలు. ఎంఆర్‌టీ టోకెన్ బీటీఎస్‌లో చెల్లదు, రెండూ వేరు సంస్థలవి.

సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ అనే రైలు అరగంటలోపు ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్ చేరుస్తుంది. చివరిదాకా 45 బాత్ (థాయ్ కరెన్సీ). అక్కడ బీటీఎస్ మారవచ్చు. సామాను ఎక్కువుంటే కింది అంతస్తులో యంత్రం ఇచ్చే చీటీ తీసుకుని మీటర్ ట్యాక్సీ ఎక్కండి. మీటర్ మీద 50 బాత్ ఎయిర్‌పోర్ట్ రుసుము, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ మీవే. మీటర్ వేయనంటే దిగిపోండి. డబ్బు మార్చుకోవడానికి అరైవల్స్ హాల్లోని కౌంటర్ల కంటే బేస్‌మెంట్‌లో రైలు దగ్గరున్నవి నయం.

శాకాహారులకు అసలు చిక్కు తిండితో. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు గానీ చేప సాస్ వేస్తారు. కూర ముద్దల్లో రొయ్యల పేస్టు, ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్ మామూలే. అందుకే "కిన్ జే" అనండి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కాబట్టి మడి పాటించే పెద్దవాళ్లకూ పనికొస్తుంది. పసుపు జెండా మీద ఎర్రగా 17లా కనిపించే అక్షరాలే గుర్తు. దేశీ భోజనం కావాలంటే ఎంఆర్‌టీ సామ్ యోత్ స్టేషన్లో దిగి, భారతీయుల పేట అయిన ఫాహురాత్ వీధుల్లోకి నడవండి. కారం మాత్రం తక్కువ అనుకోకండి, మన గుంటూరు నాలుకలకూ అక్కడి మిరప బుద్ధి చెబుతుంది.

గ్రాండ్ ప్యాలెస్‌కు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. టికెట్ 500 బాత్, అమ్మకం మధ్యాహ్నం 3:30కే ఆపేస్తారు. దారిలో ఎవరైనా "ఈరోజు మూసేశారు, పండగ" అని చెప్పి చవక టుక్‌టుక్ ఎక్కించబోతే అది రత్నాల దుకాణానికే వెళ్తుంది. గేటు దాకా నడిచి మీరే చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో టికెట్ మీద విమానాశ్రయం పేరు మళ్లీ చదవండి. డాన్ మువాంగ్ వేరు, సువర్ణభూమి వేరు. రెండూ ఊరికి చెరో వైపు.