తెలుగులో ఒకే మాట, ఇంగ్లీషులో రెండు: తేడా పట్టుకోవడం ఎలా

'సిన్స్' అన్నా 'నుంచి', 'ఫర్' అన్నా 'నుంచి'. 'సే'కీ 'టెల్'కీ కలిపి మనకున్నది 'చెప్పు' ఒక్కటే. ఇలాంటి జంటల అర్థాలు ఎంత బట్టీపట్టినా రాసే వేళకి మళ్లీ అనుమానం వస్తుంది. ఎందుకంటే తేడా చాలావరకు ఆ మాట పక్కన ఏం వస్తుందన్న దగ్గరే ఉంటుంది. ముందు అది చూడాలి.

సిన్స్, ఫర్‌తోనే మొదలుపెడదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పక్కన ఉన్నది నిడివి అయితే (రెండేళ్లు, మూడు గంటలు, వారం) ఫర్. మొదలైన సమయం అయితే (2019, సోమవారం, పొద్దున) సిన్స్. ఇప్పుడు 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్న వాక్యం చూడండి. ఇందులో తప్పులు రెండు. సిన్స్ తీసి ఫర్ పెట్టి ఊరుకుంటే 'ఇక్కడ రెండేళ్లపాటు ఉండే ఉద్యోగం నాది' అన్న అర్థం వచ్చేస్తుంది. 'రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అనాలంటే క్రియ కూడా మారాలి: 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్'. తెలుగులో 'పనిచేస్తున్నాను' అంటే చాలు కాబట్టి ఈ రెండో తప్పు మన చెవికి తెలియదు.

బై, అన్‌టిల్ విషయంలో మాత్రం తెలుగే దారి చూపిస్తుంది. 'శుక్రవారంకల్లా', 'శుక్రవారంలోపు' అనగలిగితే బై. ఆ రోజు వరకు పని సాగుతూనే ఉంటే అన్‌టిల్. 'ఫినిష్', 'సబ్మిట్' లాంటివి ఒక్కసారిగా ముగిసే పనులు, సాగేవి కావు. అందుకే 'ఐ విల్ ఫినిష్ ఇట్ అన్‌టిల్ ఫ్రైడే' తప్పు, అక్కడ బై ఉండాలి. 'ఐ వోంట్ ఫినిష్ ఇట్ అన్‌టిల్ ఫ్రైడే' మాత్రం ఒప్పే: శుక్రవారానికి గానీ పూర్తికాదని. వాక్యంలో 'కాదు' ఉండి, తెలుగులో 'గానీ' పడుతుంటే అన్‌టిల్ నిశ్చింతగా వాడొచ్చు.

'ఫ్యూ', 'ఎ ఫ్యూ' మధ్య ఉన్నది ఒక్క అక్షరమే, కానీ మాట తీరు తిరగబడుతుంది. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొందరు వచ్చారు. 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే కొద్దిమందే వచ్చారు. మన 'కొద్దిమందే'లోని ఏకారం చేసే పనిని ఇంగ్లీషులో ఆ 'ఎ' లేకపోవడం చేస్తుంది. ఆహ్వానానికి కృతజ్ఞతలు చెబుతూ ఈ 'ఎ' మరిచిపోతే ఎదుటివారికి ఫిర్యాదులా వినిపిస్తుంది. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే మళ్లీ చాలామంది అని.

సీ, హియర్ ఎక్కువగా మన ప్రమేయం లేకుండా కనపడేవాటికీ వినపడేవాటికీ. కావాలని చూస్తే లుక్, కదిలేదాన్ని గమనిస్తుంటే వాచ్, చెవిపెట్టి వింటే లిజన్. లుక్ తర్వాత చూసేదాన్ని చెప్పాలంటే 'ఎట్', లిజన్ తర్వాత వినేదాన్ని చెప్పాలంటే 'టు' తప్పనిసరి. సినిమాకి మాత్రం సీ, వాచ్ రెండూ చెల్లుతాయి.

కొత్త జంట ఎదురైతే, నేర్చుకునేవారి కోసం తయారైన లెర్నర్స్ డిక్షనరీ తెరవండి. అర్థం కన్నా ముందు వాడుక నమూనా చదవండి: 'లెండ్ సంబడీ సంథింగ్', 'బారో సంథింగ్ ఫ్రమ్ సంబడీ'. ఇచ్చేదెవరో తీసుకునేదెవరో ఆ నమూనాలోనే తేలిపోతుంది. తర్వాత రెండు మాటలతోనూ చెరో వాక్యం రాసి, మాటలు తారుమారు చేసి చూడండి. అప్పటికీ సందేహం మిగిలితే కార్పస్‌లో, అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన వాక్యాల పెద్ద సేకరణలో, వెతకండి. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో సుమారు 10 కోట్ల పదాల నిజమైన వాడుక ఉంది. నెట్‌లో మామూలు వెతుకులాటలో తప్పు వాక్యాలూ కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి ఫలితాల సంఖ్య చూసి నమ్మకండి.

ఈ పద్ధతితో సే, టెల్ చూస్తే: టెల్ పక్కన మనిషి నేరుగా వస్తాడు, 'షి టోల్డ్ మి'. సే పక్కన మనిషి రావాలంటే మధ్యలో 'టు' ఉండాలి, 'షి సెడ్ టు మి'. 'సెడ్ మి' అనేది లేదు. నిజం, అబద్ధం, కథ చెప్పడానికి మాత్రం మనిషి ప్రస్తావన లేకపోయినా టెల్లే: 'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ లై', 'టెల్ ఎ స్టోరీ'. ఈ మూడింటినీ విడి మాటలుగా కాక మొత్తంగా గుర్తుపెట్టుకోవాలి.