సర్వే చేయడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఏ సాధనం ఎంచుకోవాలి?

గత పాఠంలో ప్రశ్నావళి సిద్ధమైంది కనుక, ఇక దానిని ఏ సాధనంలోకి, అంటే ఏ ఆన్‌లైన్ ఫారంలోకి లేదా ఫోను యాప్‌లోకి ఎక్కించాలో నిర్ణయించుకోవాలి. చాలామంది ముందుగా ధరలనూ హంగులనూ పోల్చి చూస్తారు. నా దృష్టిలో మాత్రం జవాబు చెప్పేవారు ఎవరు, ఎక్కడ ఉంటారు, ఆ సమయంలో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది అన్న మూడు విషయాలు తేలిన తరువాతే మిగతావి చూడాలి.

అపార్ట్‌మెంటు సంఘం తన సభ్యుల అభిప్రాయాన్ని తెలుసుకోవడానికి గూగుల్ ఫామ్స్ చాలు. దానికి ఖర్చు లేదు, లింకును వాట్సాప్‌లో పంపవచ్చు, జవాబులు గూగుల్ షీట్స్‌లో వరుసగా చేరతాయి. సర్వేమంకీ వంటి ఆన్‌లైన్ సర్వే సాధనాల ఉచిత ఖాతాల్లో ప్రశ్నలకూ, మనం చూడగలిగే జవాబులకూ పరిమితి ఉంటుంది కాబట్టి, ఆ షరతులను ముందే చదువుకోవాలి.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో సిగ్నల్ అందని గూడేలకు వెళ్లి తాగునీటి వసతిపై ఇంటింటి సర్వే చేయాలనుకుంటే పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ నెట్ లేకుండా పనిచేసే సాధనమే కావాలి. 2008లో మొదలైన ఓడీకే (ఓపెన్ డేటా కిట్), దాని ఆధారంగానే రూపొందిన కోబోటూల్‌బాక్స్ ఇందుకోసమే ఉన్నాయి. జవాబులు ఫోనులోనే భద్రంగా ఉండి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు చేరతాయి; చేతిపంపు ఉన్న చోటును జీపీఎస్‌తో నమోదు చేయవచ్చు; ఒకే ఫారాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మార్చుకుంటూ చదవవచ్చు. గూగుల్ ఫామ్స్‌లో ఈ భాషల మార్పిడి లేదు, రెండు ఫారాలు విడిగా తయారు చేసుకోవాలి. సమాచారం మన సొంత సర్వర్‌లోనే ఉండాలంటే ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ అందుబాటులో ఉండే) సర్వే సాఫ్ట్‌వేర్ లైమ్‌సర్వే ఉంది, కానీ దానిని నిర్వహించగల మనిషి తోడుండాలి.

తెలుగులో సర్వే చేసేవారు తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష ఒకటుంది. సాధనాన్ని ఖాయం చేసుకునే ముందే నాలుగైదు నమూనా జవాబులను తెలుగులో నింపి, సీఎస్‌వీ ఫైలుగా (జవాబులను కామాలతో విడదీసి ఉంచే సాదా పట్టికగా) దించుకుని ఎక్సెల్‌లో తెరవండి. అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనబడితే జవాబులు పోయాయని కంగారు పడనక్కరలేదు. ఫైలును నేరుగా తెరవకుండా డేటా మెనూ ద్వారా తెచ్చుకుని తెలుగు అక్షరాలను సరిగా చదివే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌ను ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది.

పేర్లు చెప్పనక్కరలేదని హామీ ఇచ్చి, ఈమెయిలు సేకరించే సెట్టింగును తెరిచి ఉంచడం జవాబు చెప్పినవారి నమ్మకాన్ని వమ్ము చేయడమే. దానిని స్వయంగా సరిచూసుకోండి.

అభ్యాసం: మీ ప్రశ్నావళిలోని ఐదు ప్రశ్నలను రెండు సాధనాల్లో ఎక్కించి, ఇంట్లో పెద్దవారి చేత వారి ఫోనులోనే నింపించండి. వారు ఎక్కడ ఆగిపోయారో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని మొదలుపెడతాం.