ఫోన్ నేర్చుకుందాం - 3: సాయంత్రానికే డేటా అయిపోతోందా?

పోయిన పాఠంలో రీఛార్జ్ ప్యాక్ వివరాలు చదవడం నేర్చుకున్నాం. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే ఇవాళ మిగిలింది రేపటికి రాదు, అర్ధరాత్రి దాటితే మళ్లీ కొత్త లెక్క. కోటా అయిపోయాక చాలా ప్యాక్‌లలో నెట్ ఆగదు గానీ వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. 2 ఎంబీ ఫొటో ఒక్కటి దిగడానికే నాలుగు నిమిషాలు దాటుతుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా ఏదీ తెరుచుకోకపోతే సిమ్‌ని తిట్టుకోకండి, ముందు కోటా చూడండి.

పెద్ద ప్యాక్ వేయించుకునే ముందు డేటా ఎవరు తింటున్నారో పట్టుకుందాం. సెట్టింగ్స్‌లో పైనున్న భూతద్దం నొక్కి 'డేటా యూసేజ్' అని వెతకండి. ఎక్కువ వాడిన యాప్ అన్నిటికన్నా పైన ఉంటుంది. దాన్ని నొక్కితే రెండు అంకెలు: ఫోర్‌గ్రౌండ్ అంటే మీరు వాడుతుండగా అయినది, బ్యాక్‌గ్రౌండ్ అంటే ఫోన్ జేబులో ఉండగా అయినది. ఈ రెండోదే మనకి ముఖ్యం.

ఇప్పుడు వాట్సాప్. సెట్టింగ్స్, 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మీడియా ఆటో-డౌన్‌లోడ్'. 'వెన్ యూజింగ్ మొబైల్ డేటా' నొక్కి టిక్కులన్నీ తీసేయండి. ఇకనుంచి గ్రూపులో వచ్చే గులాబీల గుడ్ మార్నింగ్‌లు, పెళ్లి వీడియోలు మసకగా, పక్కన సైజుతో కనిపిస్తాయి. కావాలనుకున్నదే నొక్కండి. పంపిన బాబాయిగారు నొచ్చుకుంటారని టెన్షన్ వద్దు, ఫొటో దించకపోయినా గ్రూపు తెరిస్తే మీరు చూసినట్టే లెక్క.

యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ దగ్గర మొబైల్ నెట్‌వర్క్‌కి 'డేటా సేవర్' పెట్టండి. వంటల వీడియోకి అది చాలు. క్రికెట్‌లో స్కోరు అంకెలు అలుక్కుపోతే ఆ మ్యాచ్ వరకు పెంచుకోండి.

ప్లే స్టోర్‌లో ఆటో-అప్‌డేట్ 'వైఫై ఓన్లీ'కి మార్చండి. ఇంట్లో వైఫై లేనివాళ్లు మాత్రం అప్‌డేట్‌లు మరిచిపోకూడదు, ముఖ్యంగా బ్యాంకు యాప్‌లవి. రాత్రి పడుకునే ముందు ఎంత మిగిలిందో చూసి వాటికి వాడేయండి. ఎలాగూ పోయే డేటానే కదా!

ఇంటిపని: ఈ మార్పులు చేయకముందు ఒకరోజు, చేశాక ఒకరోజు ఒకే సమయానికి వాడకం ఎంతో రాసుకోండి. పెద్దగా తగ్గకపోతే హాట్‌స్పాట్ ఆన్‌లో ఉందేమో, పిల్లల ఫోన్ దానికి తగులుకుని ఉందేమో చూడండి. దానికి పాస్‌వర్డ్ మార్చడం వచ్చే పాఠంలో.