బాల్కనీ కంపోస్టు కంపు ఇలా వదిలింది

వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని బకెట్ పెట్టినవాళ్లందరికీ ఎదురయ్యే బాధే ఇది. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన, అడుగున నల్లటి నీళ్లు, గోడలకు పాకే తెల్ల పురుగులు. పుల్లమజ్జిగ, వేపపిండి, పసుపు, బజారులో కొన్న కంపోస్టు పొడి అన్నీ అయ్యాయి. ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఎండుటాకులు. ముందు బకెట్‌లో ఉన్నదంతా గోనెసంచి మీద కుమ్మరించి నీడలో ఆరబెట్టాను. (పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పడం మంచిది!) ఆలోగా వేడి చేసిన స్క్రూడ్రైవర్‌తో బకెట్ అడుగునా పక్కలా చిల్లులు పెట్టి, కింద పళ్లెం ఉంచాను. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరిపీచు. దాని మీద ఆరిన సరుకు. అప్పటినుంచి ఒక గిన్నె తొక్కలు వేస్తే రెండు గిన్నెల నలిపిన ఎండుటాకులు. పైన ఎప్పుడూ ఆకులే కనబడాలి.

తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. గాలి ఆడకపోతే కంపు కొడతాయి. ఆకులు ఆ తడిని పీల్చి, కర్బనాన్ని ఇస్తాయి. వారానికి రెండుసార్లు కర్రతో అడుగుదాకా తిరగేస్తాను. గుప్పెట్లో పిండితే నీళ్లు కారకూడదు, గుప్పిట విప్పితే ముద్ద నిలవాలి. కారితే ఇంకో గుప్పెడు ఆకులు.

కంపు పూర్తిగా పోయింది, పురుగులు మాత్రం అప్పుడప్పుడూ కనిపిస్తాయి. వాటివల్ల ఎరువుకు నష్టమేమీ లేదు. మేం వండిన అన్నం, చేపల ముక్కలు వేయం కాబట్టి వాటికీ ఇదే పద్ధతి సరిపోతుందని చెప్పలేను. వానాకాలంలో ఆకుల వాటా ఇంకాస్త పెంచాల్సి రావచ్చు.