ఇంటి నెట్ సొంతంగా బాగుచేసుకుందాం – 4వ పాఠం: కొత్త మోడెం కొనే ముందు

పోయిన పాఠంలో తప్పు లైనుదా, మోడెందా అని తేల్చుకున్నాం. ఫోనులో డయల్ టోన్ శుభ్రంగా ఉంది. స్ప్లిట్టర్ (ఫోనునూ నెట్‌నూ విడదీసే చిన్న డబ్బా) తీసేసి చూశారు, అడాప్టర్ మార్చి చూశారు. అయినా మోడెం మీద డీఎస్‌ఎల్ లైటు, అంటే లైను అందిందని చూపే లైటు, నిలవడం లేదంటే మోడెం పని అయిపోయినట్టే. ఇక దుకాణానికి వెళ్లాలి. ఈ పాఠానికి బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైను మీద, అంటే రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. దుకాణంలో "మంచి వైఫై రౌటర్ ఇవ్వండి" అన్నాను. అతను అడిగిందే ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే వెనకాల అన్నీ పెద్ద పోర్టులే. ఫోను తీగ పిన్ చిన్నది కాబట్టి పెద్ద పోర్టులో కూడా దూరిపోయింది. దూరింది కదా, పని చేస్తుందనుకుని మధ్యాహ్నమంతా దాని ముందు కూర్చున్నాను. లైటు వెలగలేదు, వెలగదు కూడా. పైగా అలా దూర్చడం ప్రమాదం. ఫోను తీగలో ఎప్పుడూ 48 వోల్టుల దాకా ఉంటుంది, రింగ్ వచ్చేటప్పుడు ఇంకా పెరుగుతుంది.

తేడా ఇదీ. ఫోను తీగలోంచి ఇంటర్నెట్‌ను బయటికి తీసేది మోడెం. దాన్ని ఇంట్లో నలుగురికీ పంచేది రౌటర్. ఒకే పెట్టెలో రెండూ ఉండేవి ఉన్నాయి, ఒట్టి రౌటర్లూ ఉన్నాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి అట్టపెట్టె మీద మొదట చూడాల్సిన మాట 'ఏడీఎస్‌ఎల్2+' (ఫోను తీగ మీద నెట్ పంపే పద్ధతి పేరు), ఆ తర్వాత వెనకాల చిన్న ఫోను పోర్టు. మోడల్ పేరు చూసినా తెలిసిపోతుంది. టీపీ-లింక్‌లో 'టీడీ' అని మొదలైతే మోడెం ఉన్నట్టు, 'టీఎల్-డబ్ల్యూఆర్' అయితే ఒట్టి రౌటర్. డీ-లింక్‌లో 'డీఎస్‌ఎల్' అంటే మోడెం, 'డీఐఆర్' అంటే రౌటర్. 'వీడీఎస్‌ఎల్' (అదే తీగ మీద ఇంకా వేగంగా పంపే పద్ధతి) అని ఉన్నవాటిలో చాలావరకు ఏడీఎస్‌ఎల్ కూడా పని చేస్తుంది గానీ, పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసే తీసుకోండి.

విదేశాల నుంచి బావగారో మరొకరో ప్రేమగా మోడెం తెచ్చిచ్చినా ఇదే పరీక్ష. అమెరికాలో ఎక్కువ ఇళ్లలో ఉండేది టీవీ కేబుల్ మీద నడిచే మోడెం, మన ఫోను తీగకు దానితో సంబంధమే లేదు. జర్మనీలో దొరికే ఏడీఎస్‌ఎల్ మోడెంలు చాలావరకు 'అనెక్స్ బీ' రకం. మనకు కావాల్సింది 'అనెక్స్ ఏ'. బావగారికి కృతజ్ఞతలు చెప్పి అటక మీద పెట్టేయండి.

ఇక వేగం. పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది మోడెం నుంచి మీ ఫోనుకు గాలిలో వెళ్లే వైఫై లెక్క. తీగలో వచ్చేదానికి హద్దు వేరు. ఏడీఎస్‌ఎల్2+ పుస్తకంలో లెక్క 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజి పక్కనే ఉంటే. కిలోమీటరున్నర దాటాక జారడం మొదలై, నాలుగు కిలోమీటర్ల దగ్గర పదిలోపుకి వచ్చేస్తుంది. అందుకే కొనే ముందు మీ లైను సంగతి తెలియాలి.

పాత మోడెం అప్పుడప్పుడైనా పని చేస్తుంటే బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, స్టేటస్ పేజీలో రెండు అంకెలు చూడండి. పూర్తిగా పోయి ఉంటే పక్కింటివాళ్ల మోడెం ఓ పది నిమిషాలు అడిగి తెచ్చుకోండి. 'అటెన్యుయేషన్' అంటే దారిలో సిగ్నల్ ఎంత అరిగిపోయిందో చెప్పే అంకె. 30 డీబీ లోపుంటే హాయి. 50 దాటితే ఎంత ఖరీదైన మోడెం పెట్టినా గొప్ప మార్పు రాదు. 'ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్' అంటే లైనులో గోల కంటే సిగ్నల్ ఎంత మిగులుతో ఉందో చెప్పే అంకె. ఇది దానికి తిరగేసి, ఎక్కువుంటే మేలు. 6 కంటే తగ్గితే నెట్ మాటిమాటికీ తెగుతుంది. అప్పుడు దుకాణానికి కాదు, లైన్‌మ్యాన్ దగ్గరికి వెళ్లాలి.

నా సలహా అడిగితే, ఖరీదైన మోడెం కొనకండి. ఫైబర్ ఇంటిదాకా వచ్చిన రోజున ఫోను తీగ మోడెం మూలన పడుతుంది. వానాకాలంలో పిడుగు పడితే ఫోను తీగ వెంట వచ్చి ముందు దాన్నే కాలుస్తుంది. చవకైన మోడెం ఒకటి, దాని వెనక మంచి వైఫై రౌటర్ ఒకటి పెట్టుకుంటే, రేపు ఫైబర్ వచ్చినా ఆ రౌటర్ పనికొస్తుంది. మోడెంను 'బ్రిడ్జ్' పద్ధతిలో, అంటే నెట్‌ను రౌటర్‌కు అందించి ఊరుకునేలా పెట్టి, ఈ రెండింటినీ కలపాలి, అది వచ్చే పాఠంలో చూద్దాం. ఒక గదీ హాలూ ఉన్న చిన్న ఇల్లయితే రెండూ కలిసిన పెట్టె చాలు.

ఈ వారం అభ్యాసం: ఒక కాగితం మీద మీ లైను అటెన్యుయేషన్, ఎస్‌ఎన్‌ఆర్, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసుకోండి. పాత మోడెంలో పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది కాబట్టి గుర్తు లేకపోతే ఎక్స్ఛేంజిలో అడిగి కొత్తది పెట్టించుకోండి. అంతవరకూ పాత మోడెంను రీసెట్ చేయొద్దు. దాని పేజీలో వీపీఐ, వీసీఐ అనే రెండు అంకెలు (లైనులో నెట్ వచ్చే దారిని గుర్తించేవి) కూడా ఉంటాయి, బీఎస్‌ఎన్‌ఎల్‌కు అవి 0, 35. మీ మోడెంలో ఏమున్నాయో సరిచూసి అవి కూడా రాసి ఉంచండి. 5వ పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకునే కూర్చోవాలి.