ఇంద్రకీలాద్రి వెనక వెలుగు: వాటర్ కలర్‌లో రాత్రి ఆకాశం

రాత్రిపూట సీతానగరం ఒడ్డు నుంచి చూస్తే బ్యారేజీకి అవతల ఇంద్రకీలాద్రి నల్లగా, దాని వెనక బెజవాడ దీపాల వెలుగు పసుపుగా పైకి లేచి ఉంటుంది. ఆ వెలుగు కోసం తెల్ల రంగు కొనక్కర్లేదు. కాగితం తెలుపే వెలుగు. దాన్ని కప్పెయ్యకుండా చుట్టూ చీకటి పెంచుకుంటూ పోవాలి, అంతే.

కాగితం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందం) కాటన్ పేపరు తీసుకుని ముక్కలు చేసుకుంటే ఖర్చు గిట్టుబాటవుతుంది. మామూలు డ్రాయింగ్ బుక్కు కాగితమైతే తడికి ఉబ్బి గుంటలు పడి, రంగంతా వాటిల్లోకి చేరుతుంది. లెమన్ యెల్లో, రోజ్, అల్ట్రామెరీన్, ఇండిగో ఉంటే చాలు.

కాగితాన్ని అట్టకు నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించి, వెడల్పు బ్రష్షుతో నీళ్లు పట్టించండి. ఫ్యాను ఆపెయ్యాలి, చెమటలు కారినా సరే. మన ఏప్రిల్, మే ఎండలకు మొదటి తడి చూస్తుండగానే ఇగిరిపోతుంది, కాబట్టి కాసేపాగి మళ్లీ పట్టించండి. తర్వాత అట్టను కంటి ఎత్తుకు లేపి, లైటు పడేలా ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీళ్లు నిలిచి కదులుతుంటే ఇంకా ఆగాలి. కదలిక పోయి, పట్టుచీర మీదుండేపాటి నిగనిగ మిగిలినప్పుడు రంగు పెట్టాలి. అసలు విద్యంతా ఆ ఒక్క చూపులోనే ఉంది.

కొండ అంచు రావాల్సిన గీతకు పైన పలచగా పసుపు వెయ్యండి, నడుమ కొంచెం తెల్లగానే వదిలి. పసుపు చుట్టూ రోజ్. ఆ రోజ్ లేకుండా పసుపు పక్కనే నీలం పెడితే రెండూ కలిసినచోట ఆకుపచ్చ పుడుతుంది. ధ్రువాల దగ్గరి ఆకాశానికైతే అది అందమే గానీ కృష్ణ ఒడ్డుకు నప్పదు. ఆపైన అల్ట్రామెరీన్, పై మూలల్లో చిక్కటి ఇండిగో. బ్రష్షును పైనుంచి కిందికి తెచ్చి వెలుగుకు ముందే ఆపండి, మిగతాది తడే చూసుకుంటుంది. ఆరాక రంగు వెలిసినట్టు కనబడుతుంది కనుక కావలసినదానికంటే ముదురుగానే వెయ్యండి.

నిగనిగ పోయాక ఇక చెయ్యి పెట్టొద్దు. సగం ఆరిన రంగులో ఒక్క నీటిబొట్టు పడినా అంచు వంకరలు తిరిగిన మరక మిగులుతుంది. చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే.

పూర్తిగా ఆరాక చుక్కలు. వీటికి మాత్రం వైట్ గౌష్, అంటే కింది రంగును కప్పేసే చిక్కటి తెల్ల నీటిరంగు, కావాలి. పాత టూత్‌బ్రష్షు ముంచి బొటనవేలితో చిమ్మండి, వెలుగు మీద చిత్తుకాగితం కప్పి. ఊరి దీపాల దగ్గర చుక్కలు ఎలాగూ కనిపించవు. చివరగా చిక్కటి ఇండిగోతో కొండ. గౌష్‌లో పసుపు కలిపి గుడి దీపాలు నాలుగైదు పెట్టండి, ఎక్కువైతే పెళ్లి పందిరే.

టేపును బొమ్మ బయటివైపుకు మెల్లగా లాగండి. మొండికేస్తే హెయిర్ డ్రైయరు కాస్త చూపించండి, జిగురు మెత్తబడి వచ్చేస్తుంది.