ఎల్‌ఎల్‌ఆర్ నుంచి లైసెన్స్ కార్డు దాకా: కాగితాలు, తేదీలు, ట్రాక్

రోడ్డు మీద బండి బాగానే నడిపేవాళ్లు కూడా ఆర్టీఓ ట్రాక్ మీద కాలు కింద పెట్టేసి వెనక్కి వస్తుంటారు. రోడ్డు మీద బండిని సగం నిలబెట్టేది దాని వేగమే. ట్రాక్ మీద ఆ వేగం దొరకదు. నడక వేగంలో బండి మీ అదుపులో ఉందా లేదా అన్నదే అక్కడ చూస్తారు. దీనికి తోడు దరఖాస్తులో పేరు తేడాలు, స్లాట్ల లెక్క తప్పడం. ఈ మూడూ ముందే సరిచూసుకుంటే ఏజెంటుకు డబ్బు పోయాల్సిన పని లేదు. ఏజెంటును పెట్టుకున్నా ఫొటోకు, సంతకానికి, టెస్టుకు వెళ్లాల్సింది మీరే.

ముందు ఏ తరగతి కావాలో తేల్చుకోండి

మామూలుగా కావాల్సినవి రెండు: గేర్ల బైకుకు ఎంసీడబ్ల్యూజీ, కారుకు ఎల్‌ఎంవీ. రెండూ ఒకే దరఖాస్తులో పెట్టేయండి, విడివిడిగా తిరిగే బాధ తప్పుతుంది. గేర్లు లేని స్కూటర్‌కు వేరే తరగతి ఉంది కానీ, గేర్ల బైకు లైసెన్స్ ఉన్నవాళ్లు స్కూటరూ నడపొచ్చు. స్కూటర్ లైసెన్స్‌తో బైకు మాత్రం నడపకూడదు. గేర్ల తరగతికి దరఖాస్తు చేసి టెస్టుకు యాక్టివా వేసుకెళ్తే పని జరగదు. ఇది రోజూ జరిగే పొరపాటు.

వయసు 18 నిండాలి. పదహారేళ్లకే ఇస్తారన్న మాట సగమే నిజం. తల్లిదండ్రుల సమ్మతితో 16 ఏళ్లకు ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి మాత్రమే. ఇంట్లో ఉండే 110 సీసీ స్కూటర్ అందులోకి రాదు. లైసెన్స్ లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టంలో జరిమానా 5,000 రూపాయలు. మైనర్ నడిపి నేరం జరిగితే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ అబ్బాయికో అమ్మాయికో 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లెర్నర్ లైసెన్స్) కూడా ఇవ్వరు. "ఇంటి పక్క షాపు దాకానే కదా" అని తాళాలిచ్చే నాన్నలు ఈ సెక్షన్ ఒకసారి చదవాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కు లైసెన్స్ అక్కర్లేదన్నదీ ఇలాంటిదే. 250 వాట్లకు లోపు మోటారు, 25 కిలోమీటర్లు మించని వేగం ఉన్నవాటికే ఆ మినహాయింపు. నంబర్ ప్లేటుతో రోడ్డు మీద తిరిగే ఈవీకి లైసెన్స్ కావాల్సిందే.

దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటైన సారథి పోర్టల్‌లోనే. తెలంగాణ చాలాకాలం రవాణా శాఖ సొంత వెబ్‌సైట్‌లో స్లాట్లు ఇచ్చి, సారథి వైపు మారుతోంది. మీ ఆఫీసు ఏ సైటులో ఉందో చూసుకుని మొదలెట్టండి. ఏదైనా సరే, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉండాలి. వాట్సాప్‌లో రవాణా శాఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. కంప్యూటర్‌తో ఇబ్బంది అనుకుంటే మీసేవకు వెళ్లండి.

కావాల్సినవి: చిరునామాకు ఆధార్, పుట్టిన తేదీకి పదో తరగతి మెమో లేదా బర్త్ సర్టిఫికెట్, ఫారం 1లో ఆరోగ్యం గురించి మీ సొంత ధ్రువీకరణ. వయసు 40 దాటితే ఫారం 1ఎ మీద డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ మీ చేతిలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఓటీపీ ఎప్పుడో మార్చేసిన పాత నంబరుకు వెళ్లి ఆగిపోయే దరఖాస్తులకు లెక్కలేదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి వెళ్తుంది. తేడా ఉంటే ఎల్‌ఎల్‌ఆర్‌కు ముందే ఆధార్ సరిచేయించండి. లైసెన్స్ వచ్చాక పేరు మార్చుకోవడం అంతకు రెట్టింపు తిప్పలు. బ్లడ్ గ్రూపు గడిలో గుర్తున్నది రాసేయకండి. ల్యాబ్‌లో ఒకసారి చూపించుకుని రాయండి, ప్రమాదం జరిగితే మొదట చూసే కాగితాల్లో అదొకటి.

ఫీజు: ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతికి 150, రాత పరీక్షకు 50. పక్కా లైసెన్స్ దశలో ఒక్కో తరగతి టెస్టుకు 300, లైసెన్స్‌కు 200. అంటే బైకు, కారు కలిపితే రెండో దశలో 800. ఇవి కేంద్ర నిబంధనల్లోని రేట్లు. వీటిమీద రాష్ట్రం సర్వీస్ చార్జీలు, పోస్టు ఖర్చు పడతాయి.

కంప్యూటర్ పరీక్ష

ఎల్‌ఎల్‌ఆర్‌కు ముందు పెట్టే ఈ రాత పరీక్షలో 60 శాతం వస్తే పాస్. 20 ప్రశ్నలైతే 12 చాలు. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. కానీ ఆ తెలుగు ఒక్కోచోట పుస్తకాల తెలుగులా ఉంటుంది, కాబట్టి మాక్ టెస్టు కూడా తెలుగులోనే చేసి వెళ్లండి.

ఎక్కువ మార్కులు గుర్తుల దగ్గరే పోతాయి. ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటే తేలిక. ఎర్ర వలయం ఆజ్ఞ, ఎర్ర త్రిభుజం హెచ్చరిక, నీలం చతురస్రం సమాచారం. ఎనిమిది మూలల ఎర్ర పలక స్టాప్, తలకిందులైన త్రిభుజం దారి ఇవ్వమని. నో పార్కింగ్‌కు ఒక అడ్డగీత, నో స్టాపింగ్‌కు ఇంటు మార్కులా రెండు గీతలు. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్లే ఎక్కువ.

మిగతావి చట్టంలోని విధులు. కాపలా లేని రైల్వే గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో క్లీనరో, వాళ్లు లేకపోతే బండిలో ఉన్న ఇంకొకరో దిగి పట్టాల దాకా నడిచి రెండు వైపులా చూడాలి. ఎవరూ లేకపోతే ఆ పని డ్రైవరే చేయాలి. ప్రమాదం జరిగితే గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఎల్ బోర్డు ఉత్తుత్తి అలంకారం కాదు

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ ఆరు నెలలూ ఒంటరిగా కారు నడిపే హక్కు మీకు లేదు. పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10, మందం 2, కింది గీత వెడల్పు 9 సెంటీమీటర్లకు తగ్గకూడదు. స్కెచ్ పెన్నుతో నోటుబుక్కు కాగితం మీద గీసినది పనికిరాదు. బైకు మీదైతే నేర్పేవాళ్లను తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు.

దీన్ని చలానా భయంతోనే చూడకండి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో డ్రైవర్ క్లాజ్ తీసి చదవండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న మనిషి నడిపితే కవర్ వర్తిస్తుంది, కానీ పైన చెప్పిన నిబంధనలు పాటిస్తేనే అని అక్కడ రాసుంటుంది. ఒంటరిగా వెళ్లి గుద్దితే క్లెయిమ్ దగ్గర మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

స్లాట్ ఎప్పుడు తీసుకోవాలి

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులు నిండేదాకా టెస్టు పెట్టరు. టెస్టులో ఫెయిలైతే మళ్లీ రావడానికి కనీసం 7 రోజులు ఆగాలి. మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు. ఇప్పుడు లెక్క వేయండి: జూన్ 1న ఎల్‌ఎల్‌ఆర్ వస్తే నవంబర్ నెలాఖరుతో అయిపోతుంది. "ఇంకా టైముంది" అని నవంబర్ 20కి స్లాట్ తీసుకుని ఫెయిలైతే మిగిలేది ఒక్క అవకాశం, అదీ 27 తర్వాత స్లాట్ ఖాళీ ఉంటేనే. ఎల్‌ఎల్‌ఆర్‌ను పొడిగించరు, మొదటి నుంచి రావాలి. అందుకే బండి చేతికొచ్చిందనిపిస్తే రెండో నెలలోనే టెస్టుకు వెళ్లడం మంచిది.

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంటే ఆర్టీఓ టెస్టే ఉండదని 2024లో బాగా ప్రచారమైంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన అక్రెడిటెడ్ శిక్షణ కేంద్రాల్లో కారుకు 29 గంటల కోర్సు పూర్తిచేసి, అక్కడి పరీక్ష పాసైనవాళ్లకే ఆ మినహాయింపు. వీధి చివర మామూలు స్కూల్ ఇచ్చే సర్టిఫికెట్‌తో అది రాదు.

ఎయిట్ వేయడం

హెల్మెట్, ఎల్‌ఎల్‌ఆర్ ఒరిజినల్, తీసుకెళ్లే బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి. బండి మీదే అయి ఉండాలని లేదు. పొల్యూషన్ కాగితం గడువు అయిపోయి గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లను ఏ ఆర్టీఓ ఆఫీసు ముందైనా చూడొచ్చు.

ఎయిట్ అంటే 8 అంకె ఆకారంలో ఉన్న ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా బైకు తిప్పడం. ఏ బండి తీసుకెళ్తారన్నది సగం ఫలితం. 100 సీసీ తేలికపాటి బైకు హ్యాండిల్ పూర్తిగా తిరుగుతుంది. 350 సీసీ బరువు బండికో, హ్యాండిల్ కొంచెమే తిరిగే స్పోర్ట్స్ బైకుకో ఆ మలుపులు ఇరుకు. మీ బండి అలాంటిదైతే తెలిసినవాళ్ల చిన్న బండి అడిగి తీసుకోండి, వారం ముందు నుంచి దాని మీదే సాధన చేయండి.

కాలు ఎందుకు కిందకి వస్తుంది? మలుపు సగంలో భయపడి యాక్సిలేటర్ పూర్తిగా వదిలేస్తారు. తోసే బలం ఆగగానే వంగిన బండి లోపలికి పడబోతుంది, కాలు దానంతటదే దిగుతుంది. మందు ఒకటే: యాక్సిలేటర్‌ను కొద్దిగా, ఒకే తీరులో పట్టి ఉంచి, వేగాన్ని హాఫ్ క్లచ్‌తో, వెనక బ్రేకును తేలిగ్గా తాకిస్తూ అదుపు చేయాలి. ముందు బ్రేకు జోలికి పోకండి, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దాన్ని నొక్కితే బండి పక్కకు ఒరిగిపోతుంది. గేర్లు లేని తరగతికి స్కూటర్‌తో వెళ్తే ఎడమ చేతి బ్రేకే వెనక చక్రానికి. బండి లోపలికి వంగుతుంటే మీ ఒళ్లు కాస్త బయటివైపు ఉంచండి.

చూపు ఇంకా ముఖ్యం. ముందు చక్రాన్నో కింద గీతనో చూస్తే బండి అక్కడికే పోతుంది. మలుపులోకి దిగగానే తల తిప్పి, బయటపడాల్సిన చోటు చూడండి. ఖాళీ గ్రౌండ్‌లో ముగ్గు పిండితో ఎయిట్ గీసుకుని, రెండు వైపుల నుంచీ మొదలెట్టి వేయండి. చాలామందికి ఎడమ మలుపు వస్తుంది, కుడి రాదు.

కారు: హెచ్, ఎత్తు

ఎక్కగానే సీటు, అద్దాలు సరిచేసుకోండి, తలుపులు పడ్డాయో లేదో చూసి బెల్టు పెట్టుకోండి. ఇది మర్యాద కోసం కాదు, టెస్టు నిబంధనల్లోనే అద్దాలు సరిచేసుకోవడం ఒక అంశం. తొందరలో బెల్టు మర్చిపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు ఇంకేం చూడాల్సిన పని ఉండదు.

హెచ్ అక్షరం ఆకారంలో ఉండే ట్రాక్‌లో రివర్స్ దగ్గరే పోల్ తగులుతుంది. అదీ వెనక భాగం కాదు, ముందు భాగం. రివర్స్‌లో ఎడమకు తిప్పితే బానెట్ కుడివైపుకు ఊగుతుంది. అందరి కళ్లూ వెనకే ఉంటాయి కాబట్టి ముందు మూల తగిలేదాకా తెలియదు. వెనక చక్రం మలుపు మూలకు చేరాక స్టీరింగ్ పూర్తిగా తిప్పండి, కారును హాఫ్ క్లచ్ మీద నత్తనడకన కదలనివ్వండి, వెనక అద్దాన్నీ ముందు మూలనూ మార్చి మార్చి చూడండి. కారు నేరుగా రాగానే స్టీరింగ్‌ను వెంటనే తిరిగి నేరుగా తెచ్చేయండి. ఇక్కడ ఆలస్యమైతే రెండో వైపు గీత తొక్కుతారు. అనుమానమొస్తే ఆగి చూసుకోండి. అవసరం లేకుండా తొందరపడి గీత తొక్కడం కంటే అది నయం.

ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు కారు వెనక్కి జారకూడదు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్ పెట్టి, కాస్త యాక్సిలేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపించిన క్షణంలో హ్యాండ్ బ్రేక్ దించండి. అంతకుముందు దించితే జారుతుంది. హ్యాండ్ బ్రేక్ దించకుండా క్లచ్ పూర్తిగా వదిలితే ఇంజిన్ ఆఫ్ అవుతుంది.

పాసయ్యాక

కార్డు పోస్టులో వస్తుంది. డోర్ నంబర్ సరిగ్గా లేని చిరునామాల కార్డులు తిరిగి ఆఫీసుకే వెళ్తాయి. ఈలోగా డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో లైసెన్స్ చూపితే చెల్లుతుంది, వాటి స్క్రీన్‌షాట్ చెల్లదు.

30 ఏళ్లలోపు తీసుకుంటే 40 నిండేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 మధ్య తీసుకుంటే పదేళ్లు, 50 నుంచి 55 మధ్యయితే 60 వచ్చేదాకా, 55 దాటితే అయిదేళ్లకోసారి. గడువు ముగిసి ఏడాది దాటితే రెన్యువల్‌కు మళ్లీ టెస్టు.

కారు లైసెన్స్‌తోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చింది. ఆటో, చిన్న ట్రాలీ నడపాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే తీర్పు.

చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్తుంటే ఇంటర్నేషనల్ పర్మిట్‌కు ఫారం 4ఎ, పాస్‌పోర్టు, వీసా పెట్టాలి. ఫీజు 1,000, చెల్లుబాటు ఏడాది. లైసెన్స్ మీద పేరు పాస్‌పోర్టుతో కలవకపోతే ఇక్కడే ఆగిపోతారు. అమెరికాలో ఇది కొన్నాళ్లకే ఉపయోగం. అక్కడ నివాసం ఏర్పడ్డాక చాలా రాష్ట్రాల్లో రాత పరీక్ష, రోడ్ టెస్టు మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే, డ్రైవింగ్ కూడా రోడ్డుకు కుడివైపు.